శివుడికి పనికిరాని పంచదార

పంచదార దాచుకోవడం అనే మాట ఈ కాలం పిల్లలతో అంటే నవ్వుతారు. వాళ్ళకి పంచదార అంటే డాక్టరు వద్దన్న వస్తువు. మాకు మాత్రం అది కార్డు మీద వచ్చే వస్తువు. నెలకోసారి రేషను షాపు ముందు సంచీ పట్టుకుని నిలబడితే, ఇంట్లో తలల్ని బట్టి తూచి పోసేవారు. దాన్ని ఇంటికి తెచ్చి, పుల్లలూ పుడకలూ ఏరి, ఎండ చూపించి, చీమల కంటా మగవాళ్ళ కంటా పడకుండా దాచడం ఆడవాళ్ళ వంతు (ఆ ఇద్దరిలో చీమలే నయం, వరసలో వస్తాయి, వచ్చినట్టు ఆనవాలైనా వదులుతాయి). ఎవరింటి గుట్టు ఎంతో వాళ్ళ పంచదార డబ్బా చూస్తే తెలిసిపోయే రోజులవి. అలాంటి రోజుల్లో నేను ఒక జాడీడు పంచదారని ఒక్క చేత్తో పాడు చేశాను. పాడు చేశానని తెలియక, పది రోజులపాటు నన్ను నేనే మెచ్చుకుంటూ తిరిగాను కూడా.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. డెబ్భయ్యో దశకం సగానికి వచ్చిన రోజులు. నరసాపురం దగ్గర మా ఊరి నుంచి కొవ్వూరుకి కోడలిగా వచ్చి ఆరు నెలలయింది. ఇంట్లో ఉండేది ముగ్గురమే: మా అత్తగారు, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసే మా ఆయన, ఏ పనైనా తనకే బాగా వచ్చుననుకునే నేను. మా అత్తగారు మా వీధి మొత్తానికి ఆచారం విషయంలో సుప్రీంకోర్టు. ఏ తిథి ఎప్పుడు వచ్చింది, ఏ నోముకి ఏం వండాలి, ఏ దేవుడికి ఏ పువ్వు అన్నది ఆవిడ చెబితే ఇంక తిరుగు లేదు. పూజారిగారు కూడా అనుమానం వస్తే, 'ఎందుకైనా మంచిది, ఆవిణ్ణోసారి అడగండమ్మా' అనేవారు.

ఆవిడకి ఇంకో విషయంలో కూడా పేరుండేది, ఏలకుల పంచదార చెయ్యడంలో. ఏలక్కాయలోంచి గింజలు తీసుకుని తొక్క పారేసే ఇల్లాలిని ఆవిడ ఇల్లాలి కిందే జమకట్టేవారు కాదు. తొక్కలన్నీ ఒక మూకుట్లో ఎండబెట్టి, గుప్పెడు పంచదార జోడించి చిన్న రోట్లో మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, మిగతా పంచదారలో కలిపి మూత బిగించేవారు. వారం తిరిగేసరికి సీసా మూత తీస్తే వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగి చూసేవారు. ఆ సీసా మా ఇంట్లో ఎప్పుడూ నిండుకోవడానికి వీల్లేదు. జ్వరం తగ్గినవాళ్ళకి పాలల్లో, అనుకోకుండా వచ్చిన చుట్టాలకి నిమ్మకాయ నీళ్ళల్లో, పండగపూట కజ్జికాయల్లో, ఏడ్చే పిల్లలకి అరచేతిలో, అన్నింటికీ అదే. వీధిలో వాళ్ళు అడిగి మరీ ఒక చెంచా పట్టుకెళ్ళేవారు.

అదంతా బాగానే ఉంది గానీ, మా పుట్టింటి పంచదార దాని తలదన్నేదని నా నమ్మకం. మా వైపు ఇసుక నేలల్లో, కాలవ గట్ల వెంట మొగలిపొదలు విపరీతం. మా అమ్మమ్మ వానాకాలం వచ్చిందంటే మొగలిరేకుల్ని పొడిగుడ్డతో తుడిచి, అంచుల ముళ్ళు కత్తిరించి, పొడి జాడీలో ఒక వరస పంచదార, ఒక వరస రేకులు, మళ్ళీ పంచదార, మళ్ళీ రేకులు పేర్చి, మూతికి గుడ్డ కట్టి మూడు రోజులు కదపకుండా ఉంచేది. నాలుగోనాడు రేకులు తీసేస్తే, పంచదార తెల్లగా ఎక్కడిదక్కడే ఉండేది, వాసన మాత్రం సంక్రాంతి దాకా నిలిచేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకటి రెండుసార్లు ఈ సంగతి మా అత్తగారి దగ్గర ఎత్తాను. 'ఆహా' అన్నారు. ఆ 'ఆహా'లో 'మీ వైపు అంతేలే' అన్న మాట కూడా వినిపించింది నాకు. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఎప్పటికైనా ఈవిడ చేత మా పంచదార బాగుందనిపించాలని.

ఇక్కడ మొక్కు సంగతి చెప్పాలి. నా పెళ్ళికి ముందు సంవత్సరం మా ఆయనకి టైఫాయిడ్ వచ్చి, ఇరవయ్యొక్క రోజులు మంచం దిగలేదట. ఆశ వదులుకోమన్నట్టే మాట్లాడారట డాక్టరుగారు. అప్పుడు మా అత్తగారు గోదావరి గట్టు మీది శివాలయానికి వెళ్ళి మొక్కుకున్నారు: 'నా బిడ్డని నాకిచ్చెయ్యి. కార్తీకంలో ఆఖరి సోమవారం నాడు పంచదార పరమాన్నం వండి నీకు నైవేద్యం పెట్టి, వచ్చినవాళ్ళందరికీ పంచుతాను' అని. బెల్లం అని మొక్కుకుంటే ఏ ఇబ్బందీ లేకపోయేది. కానీ దొరికేదేదో ఇస్తే మొక్కెలా అవుతుందని ఆవిడ లెక్క. అందుకని సంవత్సరం పొడుగునా, కార్డు మీద వచ్చినదాంట్లో నెలకింత తీసి అటక మీద పెద్ద జాడీలో పోస్తూ వచ్చారు. ఆవిడైతే ఆ ఏడాదంతా కాఫీలో పంచదార వేసుకోలేదు. 'నాకు చేదే అలవాటయిపోయిందమ్మాయ్' అనేవారు నేను అడిగితే.

ఆ కార్తీకంలో, రాజమండ్రిలో ఉన్న వాళ్ళ చెల్లెలికి కంటి ఆపరేషన్ అయితే, సాయానికని మా అత్తగారు రెండు వారాలు వెళ్ళారు. ఇల్లు నా చేతిలో పెట్టి వెళ్ళడం అదే మొదటిసారి. 'ఆఖరి సోమవారానికి ముందు రోజు వచ్చేస్తాను. అటక మీద జాడీ జాగ్రత్త' అన్నారు రైలెక్కుతూ. జాగ్రత్తగానే ఉన్నాను. ఆవిడ వెళ్ళిన నాలుగో రోజున మా నాన్న నన్ను చూసి పోదామని వస్తూ, ఆ ఏటికి ఆఖరు పూత అని చెప్పి రెండు మొగలిపువ్వులు గుడ్డలో చుట్టి తెచ్చారు. వాటిని చూడగానే నా బుర్రలో మెరుపు మెరిసింది. మొక్కు పరమాన్నం మామూలు పంచదారతో ఏంటి? గుళ్ళో మూత తీస్తే గోదావరి అవతలి ఒడ్డుకి వాసన కొట్టాలి. ఊరంతా 'ఎవరు చేశారు?' అని అడగాలి. మా అత్తగారు, 'మా కోడలండి' అనాలి.

జాడీ దింపాను. మా అమ్మమ్మ చేసినట్టే వరసలు పేర్చాను. పైన నా చేత్తో అల్లిన లేసుగుడ్డ కట్టాను. నాలుగో రోజు రేకులు తీసి చూస్తే, ఇంతకన్నా బాగా మా అమ్మమ్మకి కూడా ఎప్పుడూ కుదరలేదు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి ముక్కు ఎగబీల్చి, 'ఏంటోయ్, మనింట్లోకి పెళ్ళివారేమైనా వచ్చారా?' అన్నారు. మొక్కు తన కోసమే గదా, తన వాటా ముందిమ్మన్నారు. దేవుడికి పెట్టకముందు ముట్టుకోకూడదని నేను చెయ్యి అడ్డం పెట్టి, గుడ్డ కట్టి జాడీ మళ్ళీ అటక ఎక్కించాను. అంత నిష్ఠ నాది.

ఆదివారం మధ్యాహ్నం మా అత్తగారు వచ్చారు. కాళ్ళు కడుక్కుని, స్టూలెక్కి, జాడీకి కట్టిన లేసుగుడ్డ చూసి 'బాగుందే' అని ముడి విప్పారు. నేను వెనకాల నిలబడి మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను. ఆవిడ స్టూలు దిగి, నేల మీద కూర్చుండిపోయారు.

"ఏంటమ్మా ఇది?" అన్నారు.

"మొగలి పంచదారండి అత్తయ్యగారూ. పరమాన్నం ఘుమఘుమలాడాలని..."

"శివుడికి మొగలిపువ్వు పనికిరాదమ్మా" అన్నారు. కేక వెయ్యలేదు. వేసినా బాగుండేది.

ఆ కథ నాకు తెలియక కాదు. బ్రహ్మగారు శివలింగం పైకొస చూడకుండానే చూశానని చెప్పడం, మొగలిపువ్వు 'అవును, నేనే సాక్షి' అని అబద్ధం ఆడటం, శివుడికి కోపం వచ్చి 'నా పూజకి నువ్వు పనికిరావు పో' అనడం, చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ మా పుట్టిల్లు రాముడి ఇల్లు. శివుడికీ మొగలిపువ్వుకీ ఉన్న పేచీ మాకు పురాణంలో వినే సంగతే గానీ వంటింట్లోకి వచ్చే సంగతి కాదు. కథ కథే, జాడీ జాడీయే అనుకున్నాను. ఇప్పుడు మా అత్తగారి మొహం చూస్తుంటే, మంచం మీద ఇరవయ్యొక్క రోజులు పడున్న మనిషి నా కళ్ళముందు కనిపించాడు. ఆ మనిషి నాకు మొగుడు. మొక్కు తప్పితే ఏమవుతుందో అన్న భయం ఆవిడకెంతో నాకూ అంత పుట్టింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఒక ఉపాయం కూడా వచ్చింది.

"గ్లాసుకి గ్లాసు మార్చుకొస్తానండి" అన్నాను. "మన వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక గ్లాసు మామూలు పంచదార ఉండకపోదు. అది పుచ్చుకుని ఇది ఇస్తాను."

మా అత్తగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "సరే. కానీ ఇది శివుడికి పనికిరాదని ప్రతి ఇంట్లోనూ చెప్పి మరీ ఇవ్వు. రేపు సోమవారం. అందరూ ఏదో ఒకటి చేసి గుడికి తెస్తారు. చెప్పకుండా ఇచ్చావంటే వాళ్ళ పాపం మన మెడకి చుట్టుకుంటుంది."

చెప్పాలనే బయల్దేరాను. మొదటి ఇల్లే రేడియో పిన్నిగారిది. ఆవిడ చెవిన పడ్డ మాట వంతెన దాటి రాజమండ్రి చేరడానికి రైలుకన్నా తక్కువ సమయం పట్టేది, అందుకని ఆ పేరు. మంచి మనిషే, కానీ 'కొత్తకోడలు మొక్కు పంచదార తగలేసింది' అన్న వార్త ఆవిడ చేతిలో పెట్టడానికి నాకు నోరు రాలేదు. గుమ్మంలో నిలబడి నీళ్ళు నములుతున్నాను. ఆవిడే నా చేతిలో గిన్నె చూసింది.

"ఏంటమ్మా కోడలా, మీ అత్తగారి ఏలకుల పంచదారేనా? పండగొచ్చిందనుకో నా ఇంటికి!" అంది. అంటూనే గట్టిగా తుమ్మింది. "ముక్కు దిబ్బడేసింది గానమ్మా, లేకపోతే ఆ వాసన వీధి మలుపులోనే పట్టేదాన్ని."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కార్తీకమాసం మొదలు, వీధిలో ఆడవాళ్ళందరూ తెల్లారగట్ల గోదావరిలో చన్నీళ్ళ స్నానాలు చేస్తున్నారు. నెలాఖరుకి వచ్చేసరికి ఒక్క ముక్కు కూడా పనిచేసే స్థితిలో లేదు. నేను 'అవునండి' అనలేదు. 'కాదండి' అని కూడా అనలేదు. "మా అత్తయ్యగారు గ్లాసుకి గ్లాసు మార్చుకు రమ్మన్నారండి" అన్నాను. పిన్నిగారు సంతోషంగా తన పంచదార కొలిచి ఇచ్చి, నాది పుచ్చుకుంది. ఒకచోట చెప్పకుండా బతికి బయటపడ్డాక రెండోచోట చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకి తెలుస్తుంది. వీధి ఆ కొసకి వెళ్ళేసరికి నా దగ్గర మొగలి పంచదార ఒక్క పలుకు మిగల్లేదు. అందరిళ్ళలోనూ తుమ్ములే, అందరిళ్ళలోనూ సంతోషమే.

"చెప్పావా అందరికీ?" అన్నారు మా అత్తగారు.

"చెప్పానండి" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

మర్నాడు పొద్దున్న గుళ్ళో కాలు పెట్టే చోటు లేదు. మా పరమాన్నం గిన్నె మా అత్తగారు నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చారు. గర్భగుడి ముందు గిన్నెలు, పళ్ళేలు బారులు తీరాయి. పూజారిగారు చన్నీళ్ళ స్నానం మనిషి కాదు (వేన్నీళ్ళు కాచుకుంటారని ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు). ఆయన ముక్కు బ్రహ్మాండంగా ఉంది. మొదట రేడియో పిన్నిగారి చలిమిడి మీద ఆకు తీశారు. ఆగారు. మూసేశారు. పక్కవాళ్ళ పాలు చూశారు, వెనక్కి జరిగారు. ఆ పక్క కొబ్బరిలౌజు, ఆ పక్క రవ్వకేసరి, అన్నీ వరసగా తీసి చూసి, వరసగా మూసేశారు. మొగలివాసన గుడంతా నిండిపోయింది. జలుబు లేని మగవాళ్ళు కొందరు అటూ ఇటూ చూడటం మొదలుపెట్టారు. నేను మా అత్తగారి వెనక నుంచి ధ్వజస్తంభం వెనక్కి ఎలా జరగాలా అని చూస్తున్నాను.

"ఏంటమ్మా ఇది? ఒకరూ ఇద్దరూ కాదు, వీధి వీధంతా కట్టగట్టుకుని స్వామికి మొగలివాసన పట్టుకొచ్చారేంటి?" అన్నారు పూజారిగారు.

"మొగలివాసనేంటండీ బాబూ!" అంది పిన్నిగారు. "అది ఏలకుల పంచదార. నిన్న వీళ్ళ కోడలు ఇంటింటికీ వచ్చి ఇచ్చింది."

గుళ్ళో తలకాయలన్నీ ఒక్కసారి మా వైపు తిరిగాయి. మా అత్తగారు కూడా తిరిగి నా మొహం చూశారు. నిన్న 'చెప్పానండి' అన్న మాట అబద్ధమని నా మొహం మీదే ఆవిడకి ఒక్క క్షణంలో కనిపించి ఉండాలి. ఆ చూపు కింద నాకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. పుట్టింటికి వెళ్ళే రైలు ఎన్ని గంటలకో కూడా గుర్తు చేసుకున్నాను. ఆవిడ మెల్లిగా పూజారిగారి వైపు తిరిగారు.

"నేనే కలిపానండి" అన్నారు.

పూజారిగారు తెల్లబోయారు. "మీరా అమ్మా? మీకు తెలియదా?"

"తెలుసండి. మతిమరుపు. మొగలి పంచదార ఒక సీసాలో, ఏలకులది ఒక సీసాలో పోసుకుని, ఏది ఏదో మర్చిపోయి పిల్ల చేతికిచ్చి పంపించాను. దానికేం తెలుసు, చంటిపిల్ల. తప్పు నాది. అందరూ క్షమించండి." అలా అని, శివుడి ఎదురుగా, అంతమంది మధ్య, చేతులు జోడించారు.

ఇన్నేళ్ళుగా ఒక తిథి తప్పని మనిషి, ఒక పువ్వు మారనివ్వని మనిషి. పిన్నిగారు బుగ్గలు నొక్కుకుంది. ఎవరో వెనక నుంచి 'వయసు మీద పడుతోంది పాపం' అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ తల వంచుకునే నిలబడ్డారు. పూజారిగారు మా పరమాన్నం ఒక్కటీ లోపలికి తీసుకెళ్ళి నైవేద్యం పెట్టారు. మిగతావన్నీ దేవుడికి కాకపోయినా మనుషులకి పనికొస్తాయని మండపంలో పంచేశారు. నిజం చెప్పాలంటే, జనం మా పరమాన్నం కళ్ళకద్దుకుని ఒక్క ముద్ద తిని, అటువైపే ఎగబడ్డారు. పిన్నిగారి చలిమిడికయితే రెండో విడత కూడా అడిగారు.

ఇంటికి గట్టు వెంట నడిచి వచ్చాం. ఖాళీ గిన్నె నేను పట్టుకున్నాను. సగం దారిలో నేనే ఉండబట్టలేక, వెక్కుతూ అడిగాను.

"అదేంటండి అత్తయ్యగారూ, నా కోసం... గుళ్ళో నిలబడి... శివుడి ముందు అబద్ధం..."

"ఏడవకు. రోడ్డు మీద బాగోదు" అన్నారు. రెండడుగులు నడిచి, "శివుడికి అసలు సంగతి తెలుసు కదమ్మా, ఆయన్ని నేనేం మోసం చేశాను? తెలియకూడనిది వీధివాళ్ళకి. నువ్వు ఆ వీధిలో యాభై ఏళ్ళు బతకాలి. నాకు ఇంకెన్నాళ్ళు?" అన్నారు. ఇంకో నాలుగడుగులు వేశాక, "ఇంకోసారి నాతో మాత్రం అబద్ధం చెప్పకు" అన్నారు. అంతే. తిట్టడం కూడా అక్కడితో అయిపోయింది. ఆ రోజు సాయంత్రం ఆవిడ కాఫీలో సంవత్సరం తరవాత మొదటిసారి పంచదార వేసుకున్నారు. తాగి, 'అబ్బ, ఎంత తీపి' అని మొహం చిట్లించారు.

ఆవిడ అనుకున్నన్నాళ్ళు కాదు, ఇంకా పద్దెనిమిదేళ్ళు ఉన్నారు. ఆచారం విషయంలో వీధి ఆవిణ్ణి అడగడం మాత్రం ఆ సోమవారంతో తగ్గిపోయింది. ఎవరైనా ఏ తిథో అడగబోయి, 'ఎందుకులే, పెద్దావిడకి మరపు' అని వెళ్ళిపోయేవారు. ఆవిడ విని ఊరుకునేవారు. నేను ఎన్నోసార్లు పిన్నిగారి గుమ్మం దాకా వెళ్ళి, అసలు సంగతి చెప్పేద్దామనుకుని, కరివేపాకు అడిగి వచ్చేశాను. మొన్న మొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పిన్నిగారు లేరు, పూజారిగారు లేరు, ఆ వీధిలో సగం ఇళ్ళు లేవు. ఈ కాగితం మీద ఇలా రాస్తుంటే, ఆవిడ మతిమరుపు మనిషి కాదండీ అని ఆ గుమ్మాలన్నిటి ముందూ నిలబడి చెబుతున్నట్టే ఉంది. వినడానికి ఎవరూ మిగలని రోజు చూసుకుని ధైర్యం వచ్చినందుకు నన్ను నేను చూసుకుని నవ్వుకుంటున్నాను.